బడి తెరిచే ముందునాడు

సైదమ్మ ఇంటి వెనుక అరుగు మీద కూర్చుని జొన్నలు చెరుగుతుండగా పిల్లలు ముగ్గురూ బడి నుంచి వచ్చారు. వస్తూనే పుస్తకాల సంచులు గోడ వారకు విసిరి, ఈసారి దసరాకు ఒకటి రెండు రోజులు కాదత్తా, బతుకమ్మలు మొదలైన కాడి నుంచి పండుగ దాటిందాక బడి మూస్తరట అని చెప్పి, మళ్ళీ బయటికి ఉరికారు. చేట ఆమె చేతుల్లో అట్లాగే ఆగిపోయింది. పొట్టు గాలికి లేచి చీర మీద పడింది. దులుపుకోలేదు. బతుకమ్మలు మొదలైన కాడి నుంచి. ఆ మాట మనసులో ఒకసారి, పెదాల మీద మెల్లగా ఒకసారి అనుకుంది. బడి గడప ఎన్నడూ తొక్కని మనిషికి బడి మూస్తున్నారంటే అంత సంతోషం ఎందుకో ఆ ఇంట్లో ఎవరికీ తోచదు. కానీ పెళ్ళయి సూర్యాపేటకు వచ్చిన కొత్తల్లో తప్పితే, ఇన్నేళ్ళుగా ఆమె పుట్టింటి దారిని తెరిచేదీ మూసేదీ ఆ బడే.

ఆ ముగ్గురూ ఆమె పిల్లలు కారు. ఇద్దరు పెద్దాడబిడ్డ గోపమ్మ కొడుకులు, ఒకడు చిన్నాడబిడ్డ లీలావతి కొడుకు. గోపమ్మది గరిడేపల్లి. అక్కడ పెద్ద బడి లేదు. మేనమామ ఇల్లు సూర్యాపేటలో ఉండగా ఇంకెక్కడ చదివిస్తామని మొదట తన పెద్ద కొడుకును తెచ్చి దింపింది. వాడి చదువు అయ్యేసరికి తమ్ముళ్ళు వచ్చారు. కోదాడ నుంచి లీలావతి కూడా, వాళ్ళతో పాటు వీడూ తింటాడులే వదినా అని తన కొడుకును వదిలి వెళ్ళింది. అప్పుడు సైదమ్మ భర్త సోమయ్య అన్న మాట ఆమెకు ఇప్పటికీ జ్ఞాపకం. "ఎట్లయిన ఎసరు పెడుతనే ఉన్నవు, ఇంకో చెంబు నీళ్ళు ఎక్కువ పోస్తే అయిపాయె" అన్నాడు. అత్త కాటమ్మ ఇంకో మాట అన్నది. "కడుపు పండని ఇంట్ల పిల్లగాండ్లు మసులుతుంటే మంచిదే" అన్నది. ఆ మాటకు ఎదురు చెప్పే నోరు సైదమ్మకు లేదు. పురిటికి పుట్టింటికి పోయి నెలల తరబడి అమ్మ చేతి అన్నం తినే భాగ్యం కూడా ఆమెకు రాలేదు. అందుకే పుట్టిల్లంటే ఆమెకు పండుగలే, పండుగలంటే బడి మూసే రోజులే.

పిల్లల మీద ఆమెకు కోపమేమీ లేదు. వాళ్ళ జ్వరాలకు తడిగుడ్డలు వేసింది, గజ్జికి వేపాకు నూరి పూసింది. కానీ రోజంతా బడి గంట చెప్పినట్టే నడిచేది. మొదటి గంటకు ముందే రొట్టెలు కావాలి. మధ్యాహ్నం గంట కొడితే అన్నం చల్లారి ఉండాలి, వేడిగా ఉంటే వాళ్ళకు ఆలస్యమవుతుంది. సాయంత్రం గంటకు కాళ్ళకు నీళ్ళు, తినడానికి గుగ్గిళ్ళు. సోమయ్యది కిరాణా దుకాణం. అతని అన్నం వేళ వేరు. అత్తకు పళ్ళు లేవు, ఆమెకు గటక వేరే కాచాలి. ఈ అన్నిటి మధ్య సైదమ్మ తిన్నదో లేదో ఆమెకే ఒక్కోసారి గుర్తుండేది కాదు. కుండ కడుగుతుంటే అడుగున మాడు చేతికి తగిలితే, అవును, ఇంకా తినలేదు అనుకునేది.

మరి ఎండకాలం బడి మూసేవారు కదా అంటే, ఎండకాలం దుకాణానికి చింతపండు కొట్టే కాలం. మిరపకాయలు తొడిమలు తీసే కాలం. పిల్లలు ఊళ్ళకు పోయేవాళ్ళు, ఆమె మిరప ఘాటుకు ముక్కు కారుతూ ఇంట్లోనే ఉండేది. నిజాం కాలంలో దసరా సెలవు వచ్చిందీ తెలిసేది కాదు, పోయిందీ తెలిసేది కాదు. పుట్టింట్లో బతుకమ్మ ఆడడం ఆమెకు పెళ్ళయిన కొత్తల్లోనే ముగిసింది. బడి ఎక్కువ రోజులు మూసేది పీరీల పండుగకు, అంటే మొహర్రానికి. అందుకని ఆమె పీరీలకే పుట్టింటికి, మిర్యాలగూడ పోయేది. ఆ పండుగ ఒక్క చోట నిలబడదు. ఒక ఏడు కందులు కోసేటప్పుడు వచ్చేది, తర్వాత ఏడు కొంచెం ముందుకు జరిగేది, అట్లా జరిగి జరిగి వరికోతల్లోకి వచ్చింది. ఆమె కూడా దాని వెంట జరిగేది. తల్లి ఉప్పలమ్మ నవ్వేది. "నా బిడ్డ పీరీలతోటి వస్తది, పీరీలతోటి పోతది" అని వాడకట్టులో చెప్పుకునేది. బిడ్డ పుట్టక పుట్టక సైదులు దర్గాకు మొక్కితే పుట్టిందని ఆ పేరు పెట్టుకున్న తల్లికి ఆ మాట అనడంలో ముచ్చటే ఉంది. పీరీల ముందు నిప్పుల గుండం, అలావా దగ్గర నుంచి రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద తెచ్చి బిడ్డ చేతిలో పెట్టేది. బతుకమ్మ నాడు పంచే సద్దుల్లోనూ మలీదే కదా, అదే ఇది అనుకుని తిను అనేది.

పోయేటప్పుడల్లా సోమయ్య బస్సు దాకా వచ్చి ఒకే మాట చెప్పేవాడు. "బడి తెరిచే ముందునాడు వచ్చెయ్." ఎట్లా ఉన్నావనీ కాదు, జాగ్రత్తనీ కాదు. ఆ మాట మిర్యాలగూడలో ఆమె మంచం పక్కన కూర్చుని ఉండేది. మొదటి రోజు మాత్రం ఒళ్ళు తెలియని నిద్ర పట్టేది. రెండో రోజు నుంచి వేళ్ళు ముడిచి లెక్క మొదలయ్యేది.

తర్వాత కల్లోలం వచ్చింది. దారుల్లో బస్సులు లేవు. బడి నెలల తరబడి మూతపడింది కానీ పిల్లల్ని ఊళ్ళకు పంపడానికి భయం. అందరూ తలుపులు వేసుకుని ఆ ఇంట్లోనే ఉన్నారు, ఆమె తలుపుల వెనుక వండుతూనే ఉంది. పోయిన ఏడు మిలిటరీ వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. బడిలో ఉర్దూ పోయి తెలుగు వచ్చింది. శుక్రవారం సెలవు పోయి ఆదివారం వచ్చింది. ఆ మొదటి శుక్రవారం సైదమ్మ ఎప్పటిలాగే తెల్లవారుతూనే పిల్లల అంగీలన్నీ సబ్బునీళ్ళలో నానబెట్టింది. ఇన్నేళ్ళు శుక్రవారమే ఉతుకుడు. చేతులకు రాజ్యం మారిన సంగతి తెలియదు. బడి గంట మోగింది, పిల్లలు అంగీలు లేకుండా గోలపెట్టారు. లీలావతి కొడుకు మామ అంగీ మోకాళ్ళ దాకా వేలాడుతుండగా వేసుకుని పోయాడు. అత్త ఆ రోజంతా వాకిట్లో వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ, దేశమంత ఎరుకైంది మా కోడలికి ఎరుక కాలేదు అని చెప్పి నవ్వింది. సైదమ్మ కూడా నవ్వింది. కానీ ఆ తర్వాత పీరీలకు సెలవు ఒక్క రోజే అని పిల్లలు చెప్పిన నాడు ఆమెకు నవ్వు రాలేదు. ఉతుకుడు ఆదివారానికి మార్చుకోవచ్చు. మిర్యాలగూడ ఏ రోజుకు మార్చుకోవాలి?

ఇప్పుడు, ఇదిగో, బతుకమ్మకు బడి మూస్తున్నారు.

సోమయ్య అన్నానికి వచ్చి, "మన పండుగకు మనకు సెలవులొచ్చినయ్, సూసినవా" అన్నాడు, ఆ సెలవులు తానే ఇచ్చినట్టు. ఆ ఊపులోనే ఆమె అడిగింది. సరే పో, పిల్లలు కూడా ఊళ్ళకు పోతరు గదా అన్నాడు. అత్త కూడా మూతి ముడవలేదు. మేకలు కొనడానికి మిర్యాలగూడ వైపు తిరిగే బీరన్నతో సైదమ్మ తల్లికి కబురు చేసింది. వారం తిరగకుండా బీరన్న జవాబు తెచ్చాడు. వాకిట్లో నిలబడి, ఉప్పలమ్మ చెప్పిన మాటలు వరస తప్పకుండా అప్పజెప్పాడు.

"గునుగు ఇంటెనుక ఇరగబూసిందట. తంగేడు నీ తమ్ముడు మట్టయ్య తెస్తనన్నడట. ముసలామె కండ్లకు పొర వచ్చింది బిడ్డా. పసుపు, ఎరుపు జర కనిపిస్తున్నయి, వచ్చే ఏటికి అవ్వి గూడ ఉంటయో ఉండయో, ఈ ఏడు నా బిడ్డ పేర్చిన బతుకమ్మను సూస్త అని చెప్పుమన్నది."

ఉప్పలమ్మ మగడు పోయిన మనిషి. తన కోసం బతుకమ్మ పేర్చుకోదు. మట్టయ్య భార్య పండుగకు తన పుట్టింటికి పోతుంది. అందుకే ప్రతి ఏడూ బతుకమ్మ నాడు ఆ వాడలో పువ్వు లేని వాకిలి అదొక్కటే. ఆ సంగతి సైదమ్మకు తెలుసు. తెలిసి ఏడాదికోసారి ఇక్కడి పొయ్యి ముందు కూర్చుని దాన్ని మరిచిపోయేది.

చీరలు రెండు మూట కట్టి దండెం కింద పెట్టుకుంది. ఆ మూట అక్కడ ఉండగానే గరిడేపల్లి నుంచీ కోదాడ నుంచీ కబుర్లు వచ్చాయి. పిల్లలు ఊళ్ళకు రావడం లేదు. తల్లులే ఇక్కడికి వస్తున్నారు. ఆ ఊళ్ళలోని చిన్న బడులు కూడా మూస్తున్నారు కాబట్టి ఇంటిల్లిపాదినీ తీసుకుని, మొదటి రోజు నుంచి చివరి రోజు సద్దుల దాకా పుట్టింట్లోనే బతుకమ్మ ఆడతారట. ఇన్నేళ్ళూ ఒక పూటకు వచ్చి పోయేవాళ్ళు. కాటమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఆ కన్నీళ్ళు నిజమైనవే. సైదమ్మ వాటి వైపు చూసి, ఇవే కన్నీళ్ళు మిర్యాలగూడలో కూడా ఉన్నాయి అనుకుంది.

సోమయ్య ఆ సాయంత్రం గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆడబిడ్డలు వస్తుంటే ఇంటి కోడలు మూట పట్టుకుని పోతే బాగుంటదా, నలుగురు ఏమంటరు అన్నాడు. మీ అమ్మ యాడికి పోతది, పీరీలకు పోరాదా అన్నాడు. పీరీలకు ఒక్కటే రోజు అని ఆమె గుర్తు చేసింది. అయితే ఎండకాలం అన్నాడు. అని, చింతపండు సంగతి తనకే గుర్తొచ్చి గోడ వైపు చూశాడు. సరే, వచ్చే ఏడు సూద్దాం అన్నాడు.

వచ్చే ఏటికి పసుపూ ఎరుపూ ఉంటాయో ఉండవో. మర్నాడు బీరన్న దారిలో కనిపించి, నేను అటే పోతున్న, రాదని చెప్పాల్నా అని అడిగాడు. ఏం చెప్పకు అంది. అంతకంటే ఆమెకు ధైర్యం చాలలేదు.

ఆడబిడ్డలు వచ్చారు. ఇల్లు నిండింది. పొద్దున పొయ్యి మీద పెట్టిన కాగు పొద్దుగూకేదాకా దిగలేదు. గోపమ్మ గట్టి మనిషి, వాకిట్లో మంచం వేసుకుని అందరికీ పనులు చెప్పేది, అందరూ అంటే సైదమ్మ. లీలావతి వేరు. ఆమె వచ్చిన మొదటి మధ్యాహ్నమే చాప మీద పడుకుని, చంటిదాన్ని కూడా మరిచి నిద్రపోయింది. అరికాళ్ళు పగిలి, పగుళ్ళలో మట్టి నల్లగా దిగి ఉంది. మణికట్టు మీద కాలిన మచ్చ ఇంకా పచ్చిగానే ఉంది. లేచాక సిగ్గుపడుతూ, "అక్కడ పడుకున్నా చెవులు మేలుకునే ఉంటాయి వదినా. ఇక్కడికొస్తేనే నాకు నిద్ర" అంది. ఆ నిద్ర సైదమ్మకు తెలుసు. మిర్యాలగూడలో మొదటి రోజు నిద్ర అదే. అప్పుడే ఆమెకు ఎన్నడూ రాని ఆలోచన ఒకటి వచ్చింది. తను అట్లా నిద్రపోయిన రోజుల్లో అక్కడ బర్రెపాలు ఎవరు పితికారు? మట్టయ్య భార్య. ఆ పిల్ల తన పుట్టింటికి పోయి నిద్రపోతే అక్కడ ఆమె వదినె పితికి ఉంటుంది. ఒక ఆడమనిషి ఒళ్ళు వాలిస్తే ఇంకో ఆడమనిషి లేచి నిలబడాలి. ఈ వరసలో ఎంత దూరం వెతికినా ఒక్క మగవాడి పేరు రాలేదు.

సద్దులకు ముందునాడు సైదమ్మా ఆడబిడ్డలిద్దరూ వెనుక వాకిట్లో గునుగు పువ్వులకు రంగులు అద్దుతున్నారు. పక్కనే కాటమ్మ కూర్చుంది. మాటల మధ్య గోపమ్మ అడిగింది. "అవును సైదమ్మ, నువ్వు మీ అమ్మగారింటికి ఎన్నడు పోతవు?"

"బడి మూసినప్పుడు" అంది సైదమ్మ. అలవాటుగా వచ్చిన జవాబు.

గోపమ్మ పువ్వు కింద పెట్టి నవ్వింది. "బడి మూసినప్పుడా? నువ్వేమన్న సదువుకునే పిలగానివా, పంతులు సుట్టీ ఇస్తె పోనీకి?"

అందరూ నవ్వారు. కాటమ్మ అయితే దగ్గు వచ్చేదాకా నవ్వింది. లీలావతి కూడా నవ్వబోయి, వదినె మొహం చూసి ఆగింది. సైదమ్మ చేతులకు ఎర్ర రంగు అంటి ఉంది. ఆ చేతుల వైపు చూస్తూ కూర్చుంది. నవ్వు తగ్గాక కూడా ఆ మాట ఆమె చుట్టూ తిరుగుతూనే ఉంది. నిజమే. తను పిలగాడు కాదు, పంతులు కాదు. ఆ బడి ఇటుక ఒక్కటి కూడా చూడలేదు. పిల్లలకు అన్నం పెట్టాలి కాబట్టి పోవద్దన్నారు, సరే. ఇప్పుడు బడి మూసింది. పిల్లల కన్నతల్లులు ఇద్దరూ ఇదే వాకిట్లో ఉన్నారు. సొంత మేనమామ ఉన్నాడు. పెద్దవాళ్ళయిన పిల్లలు ఉన్నారు, చేదబావి నుంచి నీళ్ళు తోడే చేతులు వాళ్ళకున్నాయి. ఇప్పుడు కూడా తను పోవడానికి లేదంటే, ఇన్నేళ్ళూ అడ్డం పడింది బడి కాదు. బడి పేరు చెప్పారు, అంతే. పేరు చెప్పకుండానే ఆపి ఉంటే ఏనాడో అడిగేది. సెలవుల కోసం ఎదురుచూస్తూ ఆ అడగడం కూడా మరిచిపోయింది. కోపం రాలేదు. రంగు గిన్నె పక్కకు జరిపి, చేతులు కడుక్కోకుండానే లేచి లోపలికి పోయింది. దండెం కింద మూట అట్లాగే ఉంది. దాని మీద ఎవరో పిల్లల తువ్వాల వేశారు. తీసి దండెం మీద ఆరేసింది.

మర్నాడు తెల్లవారుజామున ఆమె స్నానం చేసి, తల ముడి వేసుకుని, మూట చంకన పెట్టుకుంది. అలికిడికి లీలావతి చాప మీద లేచి కూర్చుంది. మూటనూ మనిషినీ చూసి అంతా అర్థమయింది.

"సద్దుల నాడు పోతున్నావా వదినా? ఇంతమందికి..." అని ఆగిపోయింది.

"కోపమొచ్చిందా?"

"రాదా మరి? ఏడాదికి నాకు దొరికే నిద్ర ఇదే" అంది లీలావతి. కాసేపు పగిలిన అరికాళ్ళు చేత్తో రుద్దుకుంది. "నేనే నీ చోట ఉంటే ఎప్పుడో పోయేదాన్ని. వెళ్ళు."

"నువ్వు లేవకు, పండుకో" అంది సైదమ్మ. "నిన్ను లేపొద్దనే మెల్లగ నడిసిన. లేపేటోళ్ళను లేపుత."

ఆమె ముందు పిల్లల్ని లేపింది. కాగు నింపమని చేద వాళ్ళ చేతికిచ్చింది. తర్వాత సోమయ్య మంచం దగ్గరకు పోయి నిలబడింది. ఇన్నేళ్ళలో ఆమె అతన్ని పనికి లేపింది లేదు. అతను ఏమైందని ఉలిక్కిపడి లేచాడు.

"బర్రె అరుస్తున్నది, పాలు పితకాలె. అత్తమ్మకు గటక కాయాలె, పిండి కుండల ఉన్నది. సద్దులకు బియ్యం కడిగి పెట్టిన, మలీదకు రొట్టెలు కాల్చి పెట్టిన. నేను మిర్యాలగూడ పోతున్న."

సోమయ్య మంచం దిగాడు. అరుద్దామనుకున్నాడు. వాకిట్లో అక్క పడుకుని ఉంది, తల్లి పడుకుని ఉంది. పండుగ నాడు తెల్లవారుతూనే అరుపులు వినబడితే ఇరుగుపొరుగు ఏమంటారో ఆ లెక్క కూడా అతని మొహంలో కనిపించింది. చివరకు తువ్వాల భుజాన వేసుకుని, ఏం చేయాలో తెలియక, ఎప్పటిలాగే ఆమె వెనుక బస్సు దాకా నడిచాడు. వాకిళ్ళలో ఆడవాళ్ళు తంగేడు కట్టలు విప్పుతున్నారు. ఇంటి వైపు నుంచి బర్రె అరుపు చాలా దూరం వినబడింది. అతను రెండుసార్లు వెనక్కి చూశాడు. ఆమె చూడలేదు.

బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. మూట ఒడిలో పెట్టుకుంది. మధ్యాహ్నానికి చేరుతుంది. సాయంత్రానికి పేర్చవచ్చు. పసుపు పక్కన ఎరుపు పెట్టాలి, అమ్మకు కనిపించేవి అవే. అట్లా అనుకుంటుండగా సోమయ్య కిటికీ దగ్గరకు వచ్చాడు. కోపం అణుచుకుని, ఎన్నేళ్ళుగానో చెప్పే ఆ మాటనే చెప్పాడు.

"బడి తెరిచే ముందునాడు వచ్చెయ్. ఏనాడు తెరుస్తరో ఎరికేనా?"

"ఎరికలేదు" అంది సైదమ్మ. అతను చెప్పడానికి నోరు తెరిచాడు. ఆమె రంగు ఆరిన ఎర్రటి చెయ్యి కిటికీ మీద పెట్టింది.

"నాకు చెప్పకు."